సంశయవాదము
సంశయవాదము అనగా అసాధారణమైన విషయమును ఆధారములు పరిశీలించిన పిదపనే అంగీకరించుట లేదా త్రోసిపుచ్చుట. పరిశీలింపకనే అబద్ధమనుట సంశయవాదము కాదు. అది కేవలము తిరస్కారము.

ఉదాహరణకు, జాతరలలో భక్తులు నిప్పుల గుండము తొక్కుదురు. నిప్పులు చల్లారినవని కొట్టివేయుట తిరస్కారము. కన్నులార చూచినవారు ఆ మాట నమ్మరు. నిప్పులు నిజముగనే కణకణలాడును, పాదములు సాధారణముగా కాలవు. సంశయవాది ఈ రెండింటిని ఒప్పుకొని కారణమును వెదకును. బొగ్గు, బూడిద ఉష్ణమును నెమ్మదిగా ప్రసరింపజేయును. నడచునపుడు పాదము నిప్పును తాకు కాలము అత్యల్పము. ఆగి నిలిచినచో ఎవరికైనను కాలును.

బందరు హిందూ కళాశాలలో వృక్షశాస్త్రము బోధించిన గోరా (1902-1975) 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రమును స్థాపించెను. 1947లో విజయవాడకు తరలిన ఈ సంస్థ బహిరంగముగా నిప్పులపై నడక ప్రదర్శనలు జరిపి, అందుకు మహిమ అక్కరలేదని చూపినది.