దూరం పరుగెత్తేవారు నీళ్ళు వెంట తీసుకువెళ్ళాలి



పోలీసు, సైన్యం ఉద్యోగాలకు తయారయ్యే పిల్లలు తెల్లవారుజామున ఊరి బయట రోడ్ల మీద పరుగెత్తడం మనమంతా చూస్తూనే ఉన్నాం. పరీక్షలో పరుగు 1600 మీటర్లే అయినా, దమ్ము పెరగాలని పది, పదిహేను కిలోమీటర్లు సాధన చేస్తారు. హైదరాబాదులో ఏటా ఆగస్టులో జరిగే మారథాన్ కోసం ఎండాకాలం నుండే తయారయ్యేవారూ ఉన్నారు. వ్యాయామం మంచిదే. అయితే కళ్ళు తిరిగి పడిపోయిన కుర్రవాళ్ళను స్నేహితులు మోటారు సైకిలు మీద మా దగ్గరకు తీసుకువస్తుంటారు. "బాబూ, దారిలో నీళ్ళు తాగావా?" అని అడిగితే, "లేదు సార్, తాగితే కడుపు బరువెక్కి పరుగు రాదన్నారు" అంటారు. ఈ అపోహ గురించే ఈసారి వివరిస్తున్నాం.

చెమట చేసే పని

పరుగెత్తేటప్పుడు కండరాలలో వేడి పుడుతుంది. చెమట ఆరుతూ ఆ వేడిని బయటకు తీసుకుపోతుంది. ఇలా గంటకు అర లీటరు నుండి ఒకటిన్నర లీటరు వరకు, కొందరికి అంతకు మించి నీరు పోతుంది. శరీర బరువులో 2 శాతం కంటే ఎక్కువ నీరు తగ్గితే గుండె మరింత వేగంగా కొట్టుకుంటుంది, పరుగు మందగిస్తుంది. కోస్తా జిల్లాలలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరకుండా కారిపోతుంది. ఒళ్ళు త్వరగా చల్లబడదు.

మీకు ఎంత నీరు అవసరం?

ఇది అందరికీ ఒకటి కాదు. పరుగుకు ముందు, తర్వాత బరువు చూసుకోండి. బయలుదేరినప్పుడు 62 కిలోలు, తిరిగి వచ్చాక 61 కిలోలు ఉండి, దారిలో అర లీటరు తాగి ఉంటే, మీకు పోయిన చెమట సుమారు ఒకటిన్నర లీటరు. దీనిని బట్టి ఎంత తీసుకువెళ్ళాలో అంచనా వేసుకోవచ్చు. గంటలోపు పరుగుకు, ఎండ లేకపోతే, ముందుగా ఒకటి రెండు గ్లాసులు తాగి వెళితే చాలు. గంట దాటితే నీళ్ళు వెంట ఉండాలి. దాహమైనప్పుడల్లా రెండు మూడు గుక్కలు తాగండి. అలా తాగితే కడుపు బరువెక్కదు.

ఎలా తీసుకువెళ్ళాలి?

1. అర లీటరు సీసాను చేతి రుమాలుతో అరచేతికి కట్టుకోవచ్చు. అప్పుడప్పుడు చేయి మార్చుకోండి.
2. నడుముకు కట్టుకునే సీసాల బెల్టులు, వీపున వేసుకునే నీటి సంచులు దొరుకుతాయి. లీటరు నీరు కిలో బరువు కాబట్టి అవసరానికి మించి మోయవద్దు.
3. ఏమీ మోయలేనివారు ఇంటి ముందు నుండి చుట్లు తిరిగేలా దారి ఎంచుకోవచ్చు, లేదా తెలిసిన టీ కొట్టులో ముందుగానే సీసా ఉంచవచ్చు.
4. కాచి చల్లార్చిన నీరు గాని, ఫిల్టరు నీరు గాని నింపండి. సీసాను రోజూ కడగండి. కాలువ నీరు తాగవద్దు.

రెండు గంటలకు మించిన పరుగుకు ఓ.ఆర్.ఎస్. మంచిది. అది లేకపోతే లీటరు నీటిలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలపండి. చెంచా అంచుకు సమానంగా కొలవాలి.

అతిగా తాగినా ప్రమాదమే

2002లో అమెరికాలోని బోస్టన్ మారథాన్‌లో 488 మందికి రక్త పరీక్షలు చేస్తే, 13 శాతం మందిలో సోడియం తక్కువగా ఉంది. పరుగులో బరువు పెరిగినవారిలో, అంటే పోయిన చెమట కంటే ఎక్కువ తాగినవారిలో, ఇది ఎక్కువగా కనిపించింది. తలనొప్పి, వాంతులు, వేళ్ళ వాపు, తికమక, ఫిట్స్ దీని లక్షణాలు. అలాంటివారికి ఇంకా నీళ్ళు పట్టించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. పరుగు ముగిసేసరికి బరువు పెరగకూడదని గుర్తుంచుకోండి.

గుండె, మూత్రపిండాల జబ్బు, షుగరు, బి.పి. ఉన్నవారు నీరు, ఉప్పు ఎంత తీసుకోవాలో డాక్టరును అడిగి తెలుసుకోవాలి. పరుగుకు ముందు నొప్పి మాత్రలు వేసుకోవద్దు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి మూత్రపిండాలకు హాని చేస్తాయి.

ఎవరైనా పడిపోతే

ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతూ, మనుషులను గుర్తించలేకపోతే అది వడదెబ్బ. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా చల్లని నీళ్ళు పోస్తూ విసరండి. 108కి ఫోన్ చేయండి. వాహనం వచ్చేవరకు చల్లబరచడం ఆపవద్దు. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయవద్దు.

అరణ్యంలో తిత్తిలోని నీళ్ళు అయిపోయినప్పుడు హాగరు తన బిడ్డను పొద కింద ఉంచి ఏడ్చింది. దేవుడు ఆమె కన్నులు తెరచి నీటి ఊటను చూపించాడు. మన పిల్లలు తెల్లవారుజామున గడప దాటేటప్పుడు వారి చేతిలో నిండు సీసా ఉందో లేదో చూడటం మన వంతు. ప్రభువు వారి అడుగులను కాపాడును గాక.