అంగారకుడి మీద బారసాల

అంగారకుడి మీద ఓ తెలుగు పాప పుట్టింది. బారసాల చేస్తున్నారు. పళ్లెంలో బియ్యం పరిచారు. తండ్రి వేలి ఉంగరం తీసి పట్టుకున్నాడు. ఏ అక్షరం రాయాలి?

సైన్స్ ఫిక్షన్ నవల మొదలుపెట్టే తెలుగువాళ్లు గ్రహాంతర యుద్ధం దగ్గర కాకుండా ఈ పళ్లెం దగ్గర కూర్చోవాలని నా కోరిక. ‘ముందు కథ తేలనీ, పేర్లదేముంది, తర్వాత చూసుకోవచ్చు’ అనే మాట రాసేవాళ్ల నోట తరచూ వింటుంటాం. తెనాలిలో జరిగే కుటుంబ నవలకైతే అది చెల్లుతుంది. సుబ్బారావు అనగానే అతని ఈడు, ఇల్లు, వాకిలి పాఠకుడే ఊహించుకుంటాడు. రెండొందల ఏళ్ల తర్వాతి లోకం గురించి అతనికి ఏమీ తెలియదు. అక్కడ దొరికే మొదటి ఆధారం పేరే. అందుకే పేర్లూ ప్లాటూ ఒక్కసారే తేలాలంటాను.

పదిహేడు నిమిషాల నక్షత్రం

ఆ పాప సంగతే చూద్దాం. జన్మనక్షత్రం ఏ పాదమో చూసి తొలి అక్షరం చెప్పడం మన ఆచారం. చంద్రుడు భూమిని చుట్టి రావడానికి 27 రోజుల పైచిలుకు పడుతుంది. అంటే ఒక్కో నక్షత్రంలో దాదాపు ఒక రోజు, ఒక్కో పాదంలో సుమారు ఆరు గంటలు ఉంటాడు. అంగారకుడికేమో ఇద్దరు చంద్రులు. వాళ్లలో పెద్దదైన ఫోబోస్ 7 గంటల 39 నిమిషాల్లోనే చుట్టు పూర్తిచేస్తుంది. గ్రహం తిరిగే వేగాన్ని మించిపోతుంది కాబట్టి పడమట పొడిచి తూర్పున గుంకుతుంది. ఆ సమయాన్ని 27తో భాగిస్తే నక్షత్రానికి 17 నిమిషాలు, పాదానికి నాలుగు నిమిషాల చిల్లర. కవలలు ఇరవై నిమిషాల తేడాతో పుడితే నక్షత్రాలే వేరు.

మరి ఫోబోస్‌ని లెక్కలోకి తీసుకోవాలా, రెండో చంద్రుడు డీమోస్‌నా, భూమి నుంచి వచ్చిన పంచాంగాన్నా? పంచాంగమే శిరోధార్యమని వలస వచ్చిన పెద్దలంటారు. అక్కడే పుట్టి పెరిగిన కుర్రకారు మా ఆకాశం మాదంటారు. పురుడు పోసిన డాక్టరమ్మ ఏ నిమిషం రాసిందన్నది కీలకమవుతుంది. పేరు వెతకబోతే రెండు వర్గాలు, ఒక తగాదా, పెత్తనం ఏ గ్రహానిదన్న పేచీ పుట్టుకొచ్చాయి. నవలకు వెన్నెముక దొరికినట్టే.

మిగతా అల్లికకు సైన్సే సాయం చేస్తుంది. ప్రయాణానికి రెండు గ్రహాలూ అనువుగా వచ్చేది 26 నెలలకోసారి. పళ్లెంలోని బియ్యం ఏ ఓడలో వచ్చాయి, మళ్లీ ఓడ వచ్చేదాకా సరిపోతాయా అన్నదాన్ని బట్టి అధ్యాయాల గడువులు తేలతాయి. మాట ఒకవైపు చేరడానికే 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. ‘ఏం పేరు పెట్టారే?’ అని కాకినాడలో అమ్మమ్మ అడిగితే, జవాబు వినేసరికి ముప్పావుగంట కావచ్చు. వాళ్ల మధ్య ఎదురుబొదురు సంభాషణ రాయలేం. చెప్పాల్సిందంతా ఎవరికి వారు ఒక్క బిగిన చెప్పేయాలి. మధ్యలో అడ్డు తగలడం, అలిగి ఫోన్ పెట్టేయడం కుదరదు.

ఇంటిపేరు ఓడెక్కితే

వలసలో పేర్లు ఏమవుతాయో మన చరిత్రే చెబుతుంది. 19వ శతాబ్దంలో మారిషస్ చెరకు తోటలకు కూలీలుగా వెళ్లిన తెలుగువాళ్లను అక్కడ కొరింగీలన్నారు, కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుమీద. చాలామంది ఇంటిపేర్లు ఒడ్డునే ఉండిపోయాయి. అప్పడు లాంటి ఒంటి పేర్లే తర్వాతి తరాలకు ఇంటిపేర్లయ్యాయి. ఇంటిపేరంటే మనకు ఊరు, వంశం, చాలాసార్లు కులం కూడా. అంతరిక్ష నౌక ఎక్కేవాడు దాన్ని వెంట తీసుకెళ్తాడా? తీసుకెళ్తే ఆ కొత్త నేల మీద కులం ఉన్నట్టా? ఏ ఊరికీ చెందని నున్నటి పేర్లు పెట్టి ఈ ప్రశ్నను దాటేయడం నాకు నచ్చదు.

ఉర్సులా లె గ్విన్ దాటేయలేదు. 1974లో వచ్చిన ‘ది డిస్పొసెస్డ్’లో అనారెస్ అనే చోట సొంత ఆస్తి లేదు, ప్రభుత్వం లేదు. పిల్లలకు పేర్లు కంప్యూటరే ఇస్తుంది. ఒకరి పేరు బతికున్న మరొకరికి ఉండదు. ఆస్తే లేనిచోట వారసత్వపు గుర్తెందుకు? షెవెక్ అన్న ఆ ఒక్క పేరు వెనక ఒక సమాజపు రాజ్యాంగమంతా ఉంది. శ్రీలంకలో స్థిరపడిన ఆర్థర్ క్లార్క్ ఇంకా పొదుపరి. గ్రీకు, రోమన్ దేవతల పేర్లు అయిపోయి శాస్త్రవేత్తలు హిందూ దేవతల దాకా వచ్చారని చెప్పి, 1973 నాటి నవలలో అంతరిక్ష వస్తువుకు రామ అని పెట్టారు. ఆ కాలానికి మనిషి ఆకాశాన్ని ఎంత గాలించాడో వేరే వివరించనక్కర్లేకపోయింది.

ప్లాట్ ఎంతవరకు ముందే గీసుకోవాలి? ఐజాక్ అసిమోవ్ ‘ఫౌండేషన్’లో హరి సెల్డన్ అనే గణితవేత్త వెయ్యేళ్ల భవిష్యత్తును లెక్కగట్టి పెడతాడు. ఆ లెక్క మహా జనసమూహాలకే వర్తిస్తుంది, ఒక మనిషి ఏం చేస్తాడో చెప్పలేదు. కథలన్నీ సెల్డన్ అనుకున్నట్టే సాగుతుంటే, సంపాదకుడు జాన్ క్యాంప్‌బెల్ ఆ ప్రణాళికను తలకిందులు చెయ్యమన్నారు. అసిమోవ్‌కు మొదట అది మింగుడు పడలేదు. చివరికి 1945లో ‘ది మ్యూల్’ వచ్చింది. అసలు పేరేమిటో ఎవరికీ తెలియని ఒక్కడు వచ్చి సెల్డన్ లెక్కనంతా చెదరగొడతాడు. ఆ కథల వరసకు నిజమైన ఉత్కంఠ అక్కడే మొదలైందని నా నమ్మకం. కాబట్టి ముగింపు, సంవత్సరాల వరస, దూరాలు ముందే రాసిపెట్టుకోవాలి. లెక్కకు అందని ఒకరికి మాత్రం చోటు వదలాలి.

చిత్తుప్రతి సగంలో ఉండగా పేరు మార్చాలనిపించడం మామూలే. రవి, రఘు, రమణ ఒకే నౌకలో ఉంటే పాఠకుడు తికమక పడతాడు, మార్చాల్సిందే. అయితే కంప్యూటర్‌లో ఒక్క నొక్కుతో మార్చేసి ఊరుకుంటే చాలదు. ‘కల్కి 2898 ఏడీ’ సినిమాలో గర్భిణికి మొదట పేరుండదు, సమ్-80 అన్న గుర్తే. తర్వాత ఆమె సుమతి అవుతుంది. నంబరున్న మనిషి గురించి ‘తీసుకురండి’ అంటారు. సుమతినైతే ‘రా అమ్మా’ అంటారు. పేరు మారిన ప్రతి పేజీనీ పైకి చదువుకుని, ఆ పాత్రను పిలిచేవాళ్ల మాటలన్నీ తిరగరాయాలి.