పెరటి బావి, పెంపుడు కుక్క: ఇంటి బీమా ఎంతవరకు?

భాల్కిలో ఇల్లు కట్టుకొని పెరట్లో బావి తవ్వించి, చెట్లు పెంచి, కాపలాకు కుక్కను ఉంచుకొన్న వారు బీమా పరిధిని తెలుసుకోవలసి ఉంటుంది.

2021 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న ‘భారత్ గృహ రక్ష’ అనే ప్రామాణిక పాలసీ అగ్నిప్రమాదం, పిడుగు, గాలివాన, వరద, భూకంపం వలన ఇంటికి కలిగే నష్టాన్ని భరిస్తుంది. ప్రహరీగోడ, గేటు, నీళ్ల ట్యాంకు, సోలార్ ఫలకాలు కూడా ఇంటిలో భాగంగానే లెక్కకు వస్తాయి. చెట్టు విరిగి ఇంటిపై పడినా పరిహారం లభిస్తుంది. అద్దెకున్నవారు సామానుకు మాత్రమే పాలసీ తీసుకోవచ్చు.

అయితే ఇతరులకు కలిగే హాని వేరు. కుక్క బాటసారిని కరిచినా, మూతలేని బావిలో పొరుగింటి బిడ్డ పడినా, ఆ పరిహార భారం మూల పాలసీలో చేరదు. దానికి ‘మూడవ పక్షం బాధ్యత’ రక్షణ విడిగా తీసుకోవాలి. కొన్ని పెంపుడు కుక్కల పాలసీలలో అది ఉంటుంది; షరతులు చదివి సంతకం చేయాలి.

బీమా శిక్షను తప్పించదు. జంతువును నిర్లక్ష్యంగా వదలిన యజమానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను కింద ఆరు నెలల వరకు జైలు, లేదా రూ.5,000 వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

కావున బావికి గట్టి మూత, ఎత్తైన గట్టు ఉండాలి. వాడని బోరుబావిని అడుగు నుండి నేలమట్టం వరకు మట్టితో పూడ్చాలి. కుక్కకు ఏటా రేబిస్ టీకా వేయించి, రసీదు భద్రపరచాలి. కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.