మ్యూజిక్‌ఫెరైన్ సంగీతశాలలో ఆసనాల ఎంపిక

మ్యూజిక్‌ఫెరైన్ ఆస్ట్రియా రాజధాని వియన్నాలోని చారిత్రక సంగీత భవనము. దీని వాస్తుశిల్పి థియోఫిల్ హాన్సెన్. 1870 జనవరి 6న ప్రారంభమైన ఈ భవనములోని పెద్ద హాలును, అందలి బంగారు పూత అలంకరణల వలన, బంగారు హాలు అని పిలుస్తారు. వియన్నా ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందపు నూతన సంవత్సర కచేరీ ఇక్కడే జరుగుతుంది. ఇందులో సుమారు 1,700 ఆసనాలు, 300 మంది నిలబడి వినుటకు చోటు ఉన్నాయి. అయితే ఇక్కడ బాగా కనిపించే చోటు, బాగా వినిపించే చోటు ఎల్లప్పుడూ ఒకటి కావు.

ధ్వని స్వభావము

హాలు సుమారు 49 మీటర్ల పొడవు, 19 మీటర్ల వెడల్పు, 18 మీటర్ల ఎత్తు గల దీర్ఘచతురస్రాకారపు గది. పక్క గోడలు దగ్గరగా ఉండుట వలన, వాద్యధ్వని నేరుగా చెవిని చేరిన వెంటనే గోడల నుండి పరావర్తనము చెంది మరల చేరుతుంది. నాదము తనను చుట్టుముట్టినట్లు శ్రోతకు తోచుటకు ఇదియే ముఖ్య కారణము. విగ్రహాలు, బాల్కనీలు ధ్వనిని పలు దిక్కులకు వెదజల్లుతాయి. హాలు నిండినప్పుడు ప్రతినాద కాలము, అనగా వాద్యము ఆగిన పిదప నాదము అణగిపోవుటకు పట్టే సమయము, సుమారు 2 సెకండ్లు. దీనిని లెక్కకట్టే సూత్రమును వాలెస్ సబీన్ 1890లలో గాని కనుగొనలేదు. కనుక హాన్సెన్ విజయములో అనుభవముతో పాటు అదృష్టము పాలు కూడా ఉన్నదనవచ్చు.

కింది అంతస్తు

కింది అంతస్తు నేల సమతలము, వేదిక ఎత్తు. అందుచేత ముందు వరుసలలో కూర్చున్నవారికి వయొలిన్ వాద్యకారులు మాత్రమే బాగా కనబడతారు. వెనుకనున్న పిల్లనగ్రోవి, క్లారినెట్ వంటివి వారి చాటున పడతాయి. వినికిడిలోను తంత్రీవాద్యాలదే పైచేయి. బ్రూక్నర్, మాలర్ వంటివారి భారీ సింఫనీలు ఇక్కడ చెవులకు మితిమీరిన ఘోషగా తోచవచ్చు. మధ్య వరుసలలో వాద్యాలన్నీ సమపాళ్ళలో కలుస్తాయి. పియానో కచేరీకి మాత్రము శ్రోతలకు ఎడమ వైపు ఆసనాలు మేలు, కళాకారుని వేళ్ళు అటునుండే కనిపిస్తాయి.

పక్క బాక్సులు, బాల్కనీ

పక్క బాక్సులలో మొదటి వరుస మంచిది. వెనుక వరుసలవారు మెడ చాచినా, లేచి నిలబడినా వేదికలో కొంత భాగమే కనబడుతుంది. ఇవి చవక కావడానికి కారణము చూపే గాని వినికిడి కాదు. కనుక కళ్ళు మూసుకొని వినగల విద్యార్థికి ఇవి నష్టము కావు. వేదికకు ఎదురుగా ఉన్న మధ్య బాల్కనీ నుండి వాద్యబృందమంతా కనిపిస్తుంది, నాదము కూడా చక్కగా కలిసి వస్తుంది. ఆర్గన్ బాల్కనీ వేదిక వెనుక ఉన్నది. సంచాలకుని ముఖకవళికలు, సైగలు చూడగోరేవారికి ఇంతకు మించిన చోటు లేదు. కాని ఇత్తడి వాద్యాలు, డోళ్ళు దగ్గరగా మోగుతాయి. గాయకులు అటు వీపు పెట్టి పాడుతారు గనుక గాత్ర కచేరీలకు ఇది తగదు.

నిలుచుండే స్థలము

ఇది కింది అంతస్తు చివరన ఉన్నది. అతి తక్కువ ధర టికెట్లు వీటివే. కమ్మీని ఆనుకొని నిలబడినవారికి వేదిక కనిపిస్తుంది, వెనుకవారికి ముందువారి తలలే. అందువలన తలుపులు తెరవకముందే వచ్చి వేచియుండుట మంచిది.