బొమ్మ రైలు పక్కన పొక్లెయిన్: కొలత, కాలం, క్రమం

నిజమైన రైలును, పట్టాలను, స్టేషన్‌ను, చుట్టూ ఉండే ఊరిని ఒకే నిష్పత్తిలో తగ్గించి బల్లమీద నిర్మించడాన్ని మోడల్ రైల్వే అంటారు. యూరప్, అమెరికాలలో ఇది పిల్లల ఆట మాత్రమే కాదు, పెద్దవాళ్ల అభిరుచి కూడా. జర్మనీలోని హాంబర్గ్ నగరంలో 2001లో ప్రారంభమైన మినియాటూర్ వుండర్‌లాండ్ ఇందుకు పేరుపొందిన ప్రదర్శన. రైలును నడపడం ఒక ఆనందమైతే, దాని పక్కన వంతెన కడుతున్నట్టో, కొత్త లైను వేస్తున్నట్టో చూపడం మరో విద్య. అక్కడ పొక్లెయిన్, డోజర్, క్రేన్ తెచ్చి పెడితే చాలదు. అవి నిజంగా పని చేస్తున్నట్టు కనిపించాలి. దానికి మూడు విషయాలు తెలియాలి.

మొదటిది కొలత. ఎక్కువగా వాడే హెచ్‌ఓ స్కేలు 1:87. అందులో 174 సెం.మీ. మనిషి 2 సెం.మీ. అవుతాడు. 3 మీటర్ల ఎత్తున్న పొక్లెయిన్ సుమారు 3.4 సెం.మీ. అవుతుంది. కానీ లోహంతో చేసిన నిర్మాణ యంత్రాల బొమ్మలు చాలావరకు 1:50 స్కేలులో వస్తాయి. అందులో అదే పొక్లెయిన్ 6 సెం.మీ. ఉంటుంది. దాన్ని హెచ్‌ఓ రైలు పక్కన పెడితే ఇంజను చిన్నబోతుంది. మట్టికీ లెక్క ఉంది. ఘనపరిమాణాన్ని 87తో మూడుసార్లు భాగించాలి. 10 ఘనపు మీటర్ల టిప్పర్ లోడు ఇక్కడ సుమారు 15 ఘనపు సెంటీమీటర్లు, అంటే మూడు టీ చెంచాల మట్టి!

రెండవది కాలం. ఏ సంవత్సరపు దృశ్యమో ముందే నిర్ణయించుకోవాలి. అమెరికాలో విలియం ఓటిస్ 1839లో ఆవిరితో నడిచే తవ్వకపు యంత్రానికి పేటెంటు పొందాడు. 1904-1914 మధ్య అమెరికా పనామా కాలువ తవ్వినప్పుడు అలాంటి ఆవిరి యంత్రాలే తవ్వాయి, మట్టిని రైళ్లు మోశాయి. నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ పొక్లెయిన్లు వాడుకలో పెరిగింది రెండవ ప్రపంచ యుద్ధం తరువాతే. 'పొక్లెయిన్' అన్నది కూడా ఒక ఫ్రెంచి కంపెనీ పేరే. క్యాటర్‌పిల్లర్ యంత్రాలు పసుపు రంగుకు మారింది 1931 చివర్లో. అంతకుముందు వాటిది బూడిద రంగు. కాబట్టి 1925 నాటి దృశ్యంలో పసుపు క్యాటర్‌పిల్లర్ కనిపిస్తే తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

మూడవది పని క్రమం. గొలుసు చక్రాల యంత్రం దూరాలు నడిచి రాదు, ట్రైలర్ మీద వస్తుంది. అందుకు దారి చూపాలి. కొత్త లైనులో డోజర్ మట్టిని నెట్టి పరుస్తుంది, గ్రేడర్ చదును చేస్తుంది, రోలర్ అణుస్తుంది. ఆ తర్వాతే కంకర, స్లీపర్లు, పట్టాలు. గుంత తవ్వితే పక్కన కుప్పయినా ఉండాలి, టిప్పర్ అయినా నిండుతూ ఉండాలి. తవ్విన మట్టి గుల్లబారి ఎక్కువ చోటు తీసుకుంటుంది కనుక కుప్ప గుంత కంటే పెద్దదిగా ఉండాలి. బరువెత్తే టైర్ల క్రేన్ కాళ్లు చాపి, వాటి కింద దిమ్మలు వేసుకుని నిలబడాలి. ఆపి ఉంచిన పొక్లెయిన్ బకెట్ నేలకు దించి ఉండాలి. బకెట్ పళ్లు రాపిడికి మెరుస్తాయి. మిగతా యంత్రానికి ఆ నేల రంగు దుమ్మే పట్టాలి.

ఇన్నీ చేసినవాళ్లు కూడా ఒక్కోసారి మనుషులను మరిచిపోతారు. రైళ్లు తిరిగే లైను పక్కన ఎర్రజెండా పట్టుకుని కాపు కాసేవాడు, క్రేనుకు చేతి సైగలిచ్చేవాడు, యంత్రం పోలేని మూలలో పార, తట్ట పట్టినవాళ్లు లేకుండా ఏ పనీ జరగదు. జర్మనీలోని ప్రైజర్ కంపెనీ ఇలాంటి 2 సెం.మీ. మనుషులను తయారుచేస్తుంది. అయితే పొక్లెయిన్ తిరిగే పరిధిలో మాత్రం మనిషిని నిలబెట్టకూడదు. నిజమైన పనిలో ఆ చోట ప్రాణాలు పోతాయి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! వైజ్ఞానిక ప్రదర్శనకు మనం ఏటా నమూనాలు చేస్తూనే ఉంటాం. వీటికి ఖరీదైన బొమ్మలు అక్కర్లేదు. అట్టముక్కలు, అగ్గిపుల్లలు, జల్లించిన మట్టి, ఒక స్కేలుబద్ద ఉంటే చాలు. మనలో చాలామంది ఇళ్లలో మట్టిపని, కంకరపని చేసినవాళ్లు ఉన్నారు. కుప్ప గుంత కన్నా ఎందుకు పెరుగుతుందో, క్రేన్ కాళ్ల కింద దిమ్మ ఎందుకు వేస్తారో వాళ్లు బడికి పోకుండానే చెప్పగలరు. ఇంజనీరింగ్ పుస్తకాల్లో ఉన్నదీ ఆ విషయమే. అది కూలి పని మాత్రమే కాదు, చదువు కూడా అని మేము పీజీకి వచ్చాక గట్టిగా నమ్ముతున్నాం. ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు వాళ్లను అడిగి రాసుకోండి. నమూనా పక్కన పెట్టే చార్టులో ఆ మాటలూ రాయండి. న్యాయనిర్ణేత "ఇది ఇక్కడ ఎందుకు పెట్టారు?" అని అడిగితే తడుముకోకుండా జవాబు చెప్పగలుగుతారు.