పెంకు పగలకముందే పిలుపు

వరద తీసి ఏరు సన్నబడితే అమెజాన్ ఉపనదుల్లో ఇసుక తిన్నెలు తేలతాయి. వాటికోసమే కాచుకున్నట్టు అర్రౌ తాబేళ్లు మందలు మందలుగా వచ్చి చేరతాయి. దక్షిణ అమెరికా నదుల్లో ఇంత పెద్ద తాబేలు మరొకటి లేదు. ఆడదాని డిప్ప పొడవే 80 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. మగది దాని పక్కన పిల్లలా కనిపిస్తుంది. ఆడవి తిన్నె ఎక్కి, వెనకకాళ్లతో గొయ్యి తవ్వి, వంద దాకా గుడ్లు పెట్టి పూడ్చేస్తాయి. పొదిగే పని ఇసుకదే. ఇసుక బాగా కాగితే ఆడపిల్లలు పుడతాయి, ఆ వేడి కాస్త తగ్గితే మగవి. వరద ముందే ముంచుకొచ్చిందా, గుడ్లన్నీ నీటిపాలు.

ఇంతవరకూ మన కోస్తా తీరానికొచ్చే సముద్రపు తాబేలు ఆలివ్ రిడ్లే కథలాంటిదే. రిడ్లే తల్లి గుడ్లు పూడ్చి కడలిలోకి వెళ్లిపోతుంది, మళ్లీ వెనక్కి చూడదు. అర్రౌ తల్లులు మాత్రం ఆ దగ్గర్లోనే, నీళ్లలో ఆగుతాయి. ఎందుకు? తాబేలు మూగజీవమన్న నమ్మకం గట్టిగా ఉన్నన్నాళ్లూ దీనికి జవాబు దొరకలేదు. బ్రెజిల్‌లోని ట్రొంబెటాస్ నది దగ్గర పరిశోధకురాలు కమీలా ఫెరారా బృందం మైకులు పెట్టి చెవి ఒగ్గింది. పిల్లలు పెంకులో ఉండగానే కూతలు మొదలుపెడుతున్నాయి! అన్నీ ఒక్కసారే ఇసుక చీల్చుకుని పైకి రావడానికి కాబోలు. అవి నీళ్లలో పడ్డాక తల్లులు బదులు పలుకుతాయి. తల్లీపిల్లలు కలిసి వరదకు మునిగిన అడవులవైపు ఈదుకుంటూ పోతాయి. అక్కడ రాలిన పండ్లు, గింజలే వాటి తిండి. తాబేళ్లూ పిల్లల్ని కనిపెట్టుకుని ఉంటాయనడానికి తొలి ఆధారంగా ఈ సంగతి 2013లో అచ్చయింది.

అంతకుముందు ఆ తిన్నెల మీదికి వెళ్లినవాళ్లకు వినే తీరిక ఎక్కడిది? గుడ్లు తవ్వి, చితక్కొట్టి, దీపాలకూ వంటకూ నూనె తీసేవారు. అందుకోసం ఏటా 4.8 కోట్ల గుడ్లు నాశనమయ్యేవని 19వ శతాబ్దపు ప్రకృతి శాస్త్రవేత్త హెన్రీ వాల్టర్ బేట్స్ లెక్కగట్టాడు. అన్ని పోయినా ఈ జాతి మిగలడమే నా దృష్టిలో అసలు వింత.

మరి ఇప్పుడు ఎన్ని మిగిలాయి? బ్రెజిల్, బొలీవియాల సరిహద్దున పారే గ్వాపొరే నది దగ్గర పరిశోధకులు కొన్ని అర్రౌ తాబేళ్ల వీపుల మీద తెల్లరంగు గుర్తులు వేసి, డ్రోన్లతో ఫొటోలు తీసి లెక్కపెట్టారు. 2025లో వెలువడిన ఆ లెక్క 41,000 పైచిలుకు. నేలమీద నిలబడి లెక్కించి ఉంటే అందులో సగం కూడా తేలేవి కావు.