కుర్చీలో కదిలితే మొండితనం కాదు

మాటిమాటికీ మెడ విదిలించడం, గొంతు సవరించడం లాంటి టిక్స్ ఏడాదికి మించి ఉంటే అది టూరెట్ సిండ్రోమ్ కావచ్చు. 1885లో జిల్ ద లా టూరెట్ తొమ్మిది మంది రోగుల్లో దీన్ని వివరించాడు. టిక్‌ని కాసేపు ఆపుకోవచ్చు గానీ, చివరికి తుమ్ములా తన్నుకొస్తుంది.

దవడ బిగించే టిక్ ఉంటే పళ్ళు అరుగుతాయి. క్లోనిడిన్ లాంటి మందులతో నోరు ఎండితే పుచ్చు తొందరగా పడుతుంది. అయినా కదిలితే తిడతారేమోనని కొందరు డాక్టర్ దగ్గరికే వెళ్ళరు.

మన సంగారెడ్డి పక్కనే ఫసల్‌వాదిలో ఎంఎన్ఆర్ డెంటల్ కాలేజీ ఉంది. ఎక్కడికెళ్ళినా టిక్స్ గురించి, వాడే మందుల గురించి ముందే చెప్పండి. చెయ్యెత్తితే డ్రిల్ ఆపాలని మాట్లాడుకోండి. చిన్న సిట్టింగులు, మధ్యలో విరామం, పళ్ళ మధ్య రబ్బరు దిమ్మ అడగండి. కంగారు పెరిగితే టిక్స్ కూడా పెరుగుతాయి. అందుకే "కదలకు" అని గద్దించే కన్నా "పర్లేదు, ఆగుదాం" అంటేనే పని జరుగుతుంది.